గుండ్రాడా ఎవరి కూతురు?

1845లో ఇంగ్లండ్ దక్షిణాన లూయిస్ పట్టణంలో రైలుదారి కోసం తవ్వుతుంటే పాడుబడిన మఠం నేలలోంచి రెండు చిన్న సీసపు పెట్టెలు బయటపడ్డాయి. లోపల ఎముకలు, పైన పేర్లు. ఒకటి విలియం ద వారెన్‌ది, రెండోది అతని భార్య గుండ్రాడాది. అతను 1066 దండయాత్రలో వచ్చి ఇంగ్లండ్‌లో విస్తారంగా భూములు పొందిన నార్మన్ ప్రభువు. ఆమె 1085లో ప్రసవంలో కన్నుమూసింది. దంపతులిద్దరూ స్థాపించిన ఆ మఠమే ఇంగ్లండ్‌లో క్లూనీ సన్యాసుల తొలి నివాసం.

అత్తిల్లు తెలుసు. పుట్టిల్లు ఏది?

ఆమె సాక్షాత్తూ ఆ దండయాత్ర నడిపిన విజేత విలియం రాజు కూతురేనని శతాబ్దాల పాటు నమ్మారు. మఠం భద్రపరిచిన దానపత్రాల్లో అలాగే ఉంది మరి. కానీ 12వ శతాబ్దపు నార్మండీ చరిత్రకారుడు, స్వయంగా సన్యాసి అయిన ఆర్డెరిక్ విటాలిస్ ఆమెను గెర్బోడ్ అనే ఫ్లాండర్స్ ప్రభువుకు సోదరిగా పేర్కొన్నాడు. ఆమె సమాధి మీది నల్లరాయి డ్యూకుల వంశం గురించి చెబుతుంది తప్ప రాజు ఊసెత్తదు. దాత ఎంత గొప్పింటి ఆడపడుచైతే మఠానికి అంత పరువు, ఆస్తికి అంత రక్షణ. ఆ పత్రాల్లో రాజబంధుత్వం ఎందుకు చేరిందో ఊహించడం కష్టం కాదు.

చిక్కుముడిని విప్పింది మాత్రం ఒక పెళ్లి అభ్యంతరం. విజేత కొడుకు, ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ, వివాహేతర సంతానమైన తన కూతుళ్లలో ఒకరిని గుండ్రాడా కొడుకు రెండో విలియంకు ఇవ్వాలనుకున్నాడు. సలహా అడిగితే ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్ ఉత్తరం రాసి వద్దన్నాడు. వధూవరులు ఒక వైపు నుంచి నాలుగో తరంలో, మరో వైపు నుంచి ఆరో తరంలో బంధువులవుతారని ఆయన కారణం చూపాడు. ఇక్కడ తెలుగు పాఠకులకు లెక్క చటుక్కున అందుతుంది. గుండ్రాడా రాజు కూతురే అయితే హెన్రీ పెళ్లికొడుక్కి స్వయానా మేనమామ, పిల్ల మేనమామ కూతురు. పచ్చి మేనరికం! దాన్ని వదిలేసి నాలుగో తరం, ఆరో తరం అంటూ వెతుక్కోవలసిన ఖర్మ ఆన్సెల్మ్‌కు లేదు. ఆయన చెప్పని బంధుత్వం లేనట్టే. గుండ్రాడాను విజేత భార్య, రాణి మెటిల్డాకు తొలి భర్త వల్ల పుట్టిన బిడ్డగా చూపి పాత కథను నిలబెట్టాలని 19వ శతాబ్దంలో కొందరు ప్రయత్నించారు. ఆ వాదమూ ఈ ఉత్తరం ముందు నిలవలేదు. 1888లో చరిత్రకారుడు ఫ్రీమన్ రెండింటినీ తోసిపుచ్చాడు.

అసలు ఆరో తరం బంధుత్వం ఎవరికి గుర్తుంటుంది? అప్పటి చర్చి నిషేధం ఏడో తరం దాకా పాకింది. అదీ రోమన్ న్యాయం లెక్క కాదు. రోమన్ లెక్కలో అన్నదమ్ముల మధ్య రెండు మెట్లు: ఒకరి నుంచి తండ్రికి, తండ్రి నుంచి రెండోవాడికి. చర్చి దాన్ని ఒకే మెట్టుగా ఎంచింది. దాంతో నిషేధం ఇంచుమించు రెట్టింపయింది. మూలమూలల బంధువులను కూడా లెక్కలోకి తెచ్చే ఈ పద్ధతిని 11వ శతాబ్దంలో చర్చి సంస్కర్త పీటర్ డామియన్ గట్టిగా సమర్థించాడు. దీని వెనుక ఒక ఉదాత్తమైన ఆలోచనా ఉంది. అయినవాళ్ల మధ్య ప్రేమ ఎలాగూ ఉంటుంది, పెళ్లి ద్వారా అది పరాయివాళ్లకూ విస్తరించాలని క్రైస్తవ వేదాంతి అగస్టీన్ ఎప్పుడో వాదించాడు. (మన ధర్మశాస్త్రాల్లోనూ సపిండ నియమం తండ్రి వైపు ఏడు తరాల లెక్క చెబుతుంది. అయినా మేనమామ కూతుర్ని చేసుకోవడం దక్షిణాది ఆచారమని బౌధాయనుడు ఒప్పుకోక తప్పలేదు.)

ఆదర్శం గొప్పదే. ఆచరణలోనే తాత్విక చిక్కు ఉంది. బంధుత్వం రక్తంలో ఉందా, జ్ఞాపకంలో ఉందా? రక్తంలోనే ఉందంది చర్చి. అందుకే హెన్రీ కూతురు పెళ్లి బయట పుట్టినా నిషేధం ఆమెకూ వర్తించింది. కానీ ఎవరికీ గుర్తులేని బంధుత్వాన్ని ఏ బిషప్పు మాత్రం ఆపగలడు? వంశవృక్షం ఉన్నవాడికే పాపం అంటుకునే పరిస్థితి వచ్చింది. పైగా జ్ఞాపకం అవసరాన్ని బట్టి మేలుకునేది. ఫ్రాన్స్ రాజు ఏడో లూయీ, అతని రాణి ఎలియనోర్ దాదాపు పదిహేనేళ్లు కాపురం చేశారు, ఇద్దరు కూతుళ్లను కన్నారు. 1152లో ఆ పెళ్లి దగ్గరి బంధుత్వం సాకుతోనే రద్దయింది.

1215లో నాలుగో లాటరన్ సభ నిషేధాన్ని నాలుగు తరాలకు కుదించింది. నాలుగే ఎందుకు? దూరపు తరాల దాకా పాటించడం కష్టమవుతోందని సభ ఒప్పుకుంది, దానితోపాటు శరీరంలో ధాతురసాలు నాలుగు కాబట్టి ఆ సంఖ్య సముచితమనీ చెప్పింది. మొదటి కారణంతో ఆగి ఉంటే బాగుండేది.

హెన్రీ కూతురి సంబంధం తప్పిపోయిన రెండో విలియం చివరికి వెర్మాండ్వా ఎలిజబెత్‌ను చేసుకున్నాడు. 1096లో ఆమె మొదటి పెళ్లికి బిషప్పు ఈవో రక్తసంబంధం పేరుతోనే అడ్డు చెప్పాడు, అయినా అది జరిగిపోయింది. ఆమె ఫ్రాన్స్ రాజు మొదటి హెన్రీకి మనవరాలు. లూయిస్ సన్యాసులు గుండ్రాడాకు అంటగట్టిన రాజరక్తం ఆ ఇంటికి కోడలి వైపు నుంచి నిజంగానే వచ్చింది.