చారిటీ, టాలెంటు

ఇంగ్లీషు బైబిలు చదువు వారికి ఈ రెండు మాటలు చిరపరిచితములు. పుట్టుకలో వీటికి చుట్టరికమేమియు లేదు. ఒకటి లాటినునుండియు, మరియొకటి గ్రీకునుండియు వచ్చినవి. అయినను రెండును ఎదురుబొదురుగా నడచినవి. హృదయమునకు చెందిన మాట డబ్బుసంచిలోనికి దిగెను. డబ్బుసంచిలోని మాట మనిషిలోనికి ఎక్కెను.

1526లో టిండేలు అచ్చొత్తించిన క్రొత్త నిబంధనలో, కొరింథీయుల మొదటి పత్రిక 13వ అధ్యాయమున 'లవ్' అనియే యుండెను. థామస్ మోరు దానిని తప్పుపట్టెను. 1611 నాటి తర్జుమాలో 'చారిటీ' నిలిచెను. 1881 నాటి సవరణలో మరల 'లవ్' వచ్చెను. ఈలోగా వాడుకలో చారిటీ అనగా బీదలకిచ్చు ధర్మము అను అర్థమే మిగిలెను. ఆ అర్థముతో 3వ వచనము చదివిచూడుడి: ఆస్తి యంతయు బీదల పోషణకు ఇచ్చివేసినవాడు ధర్మము లేనివాడు కావచ్చునట! వింతగా తోచును గదా. కాని పౌలు చెప్పదలచినది ఇంచుమించు అదే. చెయ్యి ఇచ్చుచుండగనే కన్ను చిన్నచూపు చూడవచ్చును. పుచ్చుకొనువానికి ఆ సంగతి వెంటనే తెలియును. మన బైబిలులో 'ప్రేమ' అని యుండుట మనకు మేలు.

మత్తయి 25లోని తలాంతు ఒక తూనిక, ఆ తూనికగల ధనము. ఆరువేల దేనారములు. దినమునకొక దేనారము కూలి యనుకొనినచో సుమారు 20 సంవత్సరముల కష్టార్జితము! ఒక్క తలాంతు పొందినవాడును దరిద్రుడు కాడు. ఈ ఉపమానమునుండియే ఇంగ్లీషువారు ఆ మాటను నేర్పు అను అర్థమున వాడసాగిరి. మనమును యౌవనుల కూటములలో 'తలాంతుల పరీక్ష' పెట్టి, పాటకును కంఠతా వాక్యములకును బహుమతులిచ్చుచున్నాము. అందు తప్పు లేదు. అయితే పాట రాని పిల్ల తనకు తలాంతే లేదనుకొని వెనుక బల్లమీద కూర్చుండుట చూచుటకు కష్టముగా నున్నది.

15వ వచనము ప్రకారము యజమానుడు ఎవని సామర్థ్యమునుబట్టి వానికిచ్చెను. సామర్థ్యము ముందే యున్నది. తలాంతు దానికి తగినట్లు అప్పగింపబడినది. కాబట్టి రెండును ఒకటి కావు. ఆ సామర్థ్యము మాత్రము ఎవరిచ్చినదని అడుగువారుందురు. న్యాయమైన ప్రశ్నయే, గాని ఈ ఉపమానము దానిని విచారించుట లేదు. తలాంతు పరుని సొమ్ము, లెక్క చెప్పవలసిన సొమ్ము.

అదే అధ్యాయము ఇంకను చదివినయెడల ఆకలిగొన్నవాడు, పరదేశి, రోగి, ఖైదీ వచ్చెదరు. అన్నమునకు, బట్టకు డబ్బు కావలెను. రోగియొద్దకు పోయి కూర్చుండుటకు ఏ పరీక్షలో నెగ్గవలెను? వెనుక బల్లమీది పిల్లను ఎవరైనను రమ్మని పిలిచిరా?