ప్రేమ ఉంటే చేయి లేస్తుందా?

భార్య ఒంటిమీద దెబ్బలు కనిపించినప్పుడు మన పెద్దల నోట తరచూ వచ్చే మాట ఒకటుంది: "ఆమె అంటే అతనికి ప్రాణం. అందుకే అంత కోపం." ఈ మాటలో నిజమెంత? మనం నిదానంగా ఆలోచించాలి.

తల్లి తిరిగి వస్తుందన్న భరోసా ఉన్న బిడ్డ నిశ్చింతగా ఆడుకుంటుంది. ఆ భరోసా లేని బిడ్డ కొంగు వదలదు. బ్రిటన్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ (1907-1990) ఈ అనుబంధాన్ని లోతుగా పరిశీలించారు. భార్యాభర్తల ప్రేమలోనూ ఇదే తీరు కనిపిస్తుందని 1987లో సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ వివరించారు. 1994లో కెనడాలో డొనాల్డ్ డటన్ బృందం, భార్యలను కొట్టి చికిత్సకు వచ్చిన పురుషులను పరిశీలించింది. వారిలో ఈ అభద్రత, అసూయ, కోపం కలగలిసి ఉన్నట్లు గుర్తించింది.

కాబట్టి భార్య ఫోను ఎత్తకపోతే అనుమానం, పుట్టింటికి వెళతానంటే ఆగ్రహం... వీటి వెనుక 'నన్ను వదిలేస్తుందేమో' అన్న భయం ఉండవచ్చు. ఒప్పుకుందాం. అయితే ఆ భయం ఉన్నవారందరూ కొట్టరు.

పైగా ఆ మనిషినే యజమాని తిట్టినప్పుడు చూడండి. ఉద్యోగం పోతుందన్న భయం ఉంటుంది, కోపమూ వస్తుంది. అయినా చేయి లేవదు. ఇంటికొచ్చి తలుపు మూశాక లేస్తుంది. అంటే చేయి అతని అదుపులోనే ఉంది. భయం అతను కోరి తెచ్చుకున్నది కాకపోవచ్చు. దెబ్బ మాత్రం అతని నిర్ణయమే. దానికి జవాబుదారీ అతనే.

దివ్య ఖుర్ఆన్ (30:21) దాంపత్యాన్ని ప్రశాంతతతో, ప్రేమతో, కరుణతో ముడిపెట్టింది. దైవప్రవక్త (స) ఏ స్త్రీపైనా చేయి చేసుకోలేదని హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యమిచ్చారు. కొట్టి భార్యను ఇంట్లో ఉంచుకోవచ్చేమో గాని, ఆమె మనసును ఉంచుకోలేం. ఏది జరుగుతుందని భర్త భయపడ్డాడో, దాన్ని తన చేత్తోనే తెచ్చుకుంటాడు.

మరి మనమేం చేయాలి? ముందు ఆమె క్షేమం చూడాలి. "ఓర్చుకో, అతనే మారతాడు" అనడమంటే ఆమెను మళ్లీ దెబ్బలకు అప్పగించడమే. పుట్టింటి తలుపు తెరిచి ఉంచాలి. 2005 నాటి గృహహింస చట్టం కొట్టడాన్నే కాక మాటలతో వేధించడాన్నీ, ఖర్చులకు డబ్బివ్వకపోవడాన్నీ హింసగానే పరిగణిస్తుంది. మహిళలు 181కు ఫోను చేసి సాయం కోరవచ్చు. భర్తను పెద్దలు విడిగా కూర్చోబెట్టి, కొట్టడం తప్పని సూటిగా చెప్పాలి. భయాన్ని మాటల్లో చెప్పుకోవడం నేర్చుకునేందుకు మానసిక నిపుణుల దగ్గరకు పంపాలి.

ఎవరూ ఎవరికీ భయపడనక్కరలేని ఇళ్లను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.