ప్రేమ, విశ్వాసం: మూల్యం ఎవరు చెల్లించాలి?

సంఘంలో భావాలు మారుతున్నప్పుడు మతవిశ్వాసి ఎదుట ఒక చిక్కు ప్రశ్న వచ్చి నిలుస్తుంది. క్రైస్తవుని విషయంలో ఆ ప్రశ్న మరింత పదునుగా ఉంటుంది. ఎందుచేతనంటే అతని మతం రెండు మాటలను సమానమైన గట్టితనంతో చెబుతుంది. ఒకటి, పొరుగువాణ్ణి ప్రేమించటం. రెండవది, నమ్మినదాన్ని ప్రాణాపాయంలో కూడా విడవకపోవటం. నిన్నటిదాకా ధర్మమనుకొన్నది ఈనాడు అన్యాయంగా కనిపించినప్పుడు ఈ రెండూ ఎదురుబొదురుగా నిలిచినట్లు తోస్తుంది. ప్రేమ గలవాడివైతే సర్దుకుపొమ్మని కొందరంటారు. విశ్వాసం గలవాడివైతే చలించవద్దని మరికొందరంటారు. మొదటివారి దృష్టిలో విశ్వాసమంటే మొండితనం. రెండవవారి దృష్టిలో ప్రేమ అంటే మెతకతనం.

ఈ తగాదాను మతస్థుల ఇంటి తగాదాగా వదిలివేయటం అభ్యుదయవాదులకు తగదు. తెలుగుదేశంలో లక్షలాది బీదప్రజల జీవితం దీనితో ముడిపడి ఉన్నది. 1844లో మార్క్సు మతాన్ని గురించి రాసినదానిలో నల్లమందు అన్న ఒక్క మాటనే మనలో చాలామంది గుర్తుపెట్టుకొన్నారు. అదే చోట అతడు మతంలో పీడితుల బాధను, ఆ బాధ మీద వారి నిరసనను కూడా చూశాడు. ఆ చూపుతో పరిశీలిస్తే ఒక సంగతి బోధపడుతుంది. ప్రేమకూ విశ్వాసానికీ వైరం ఉన్నదా లేదా అన్నది గ్రంథాల తర్కంతో తేలేది కాదు. ఒక విశ్వాసానికి అయ్యే ఖర్చు ఎవరి మీద పడుతున్నదో చూస్తేగాని తేలదు.

మొదట ప్రేమ అన్న మాటనే తీసుకొందాం. తల్లి బిడ్డ మీద చూపేదీ ప్రేమే, నవలలో నాయకుడు పడేదీ ప్రేమే. కొత్త నిబంధనలోని గ్రీకు మూలంలో తరచు కనిపించే 'అగాపే' అనే పదానికి ఈ అర్థాలు చాలవు. ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా ఎదుటివాని మేలు కోసం పూనుకొని పనిచేయటం అక్కడి భావం. లూకా సువార్తలోని సమరయుని కథ అందరికీ తెలిసినదే. దొంగలు కొట్టి పడవేసిన మనిషిని యాజకుడు చూసి తప్పుకుపోయాడు. లేవీయుడూ అంతే. యూదులు చిన్నచూపు చూసే సమరయుడు ఆగాడు. గాయాలకు కట్టు కట్టి, తన వాహనం మీద ఎక్కించి, సత్రంవాడికి తన డబ్బు ఇచ్చాడు. యాజకునికి విశ్వాసం లేదని ఎవరూ అనలేరు. శవాన్ని తాకితే మైల అన్న నియమం అతని అడుగును ఆపి ఉండవచ్చు. ఆ నియమానికి మూల్యం చెల్లించింది అతడు కాదు, దారిలో పడి ఉన్న మనిషి. సమరయుడు మాత్రం తన మూల్యం తానే చెల్లించాడు. కథలోని తేడా అంతా ఇక్కడే ఉన్నది.

ఈ కొలబద్దతో మన దక్షిణదేశపు క్రైస్తవ చరిత్రను చూద్దాం. 1606లో ఇటలీ నుంచి రాబర్టో డి నోబిలి అనే జెస్యూట్ మధుర చేరాడు. సన్యాసి వలె కాషాయం కట్టాడు, మాంసం మానివేశాడు, తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చాడు. పరాయివాళ్ల ఆచారాన్ని అసహ్యించుకోకుండా గౌరవించిన పాదిరీలు ఆ కాలంలో అరుదు. ఆ మేరకు అతని ప్రేమ నిజమైనది. కాని కులం మతానికి సంబంధించినది కాదు, లోకాచారం మాత్రమేనని అతడు వాదించాడు. 1623లో రోము కూడా అతని పద్ధతిని ఆమోదించింది. ఫలితం ఏమైంది? పైకులాలవారికి ఒక తరహా గురువులు, కింది కులాలవారికి మరొక తరహా గురువులు ఏర్పడ్డారు. 18వ శతాబ్దంలో జెస్యూట్ల ద్వారా క్రైస్తవులైన తెలుగు రెడ్డి, కమ్మ కుటుంబాలలో కూడా కులం చెక్కుచెదరలేదు. పెద్దకులాలను నొప్పించకుండా చూపిన ఆ మర్యాదకు ఖర్చు పెట్టింది మాల మాదిగలు. సర్దుకుపోయేదంతా ప్రేమ కాదనటానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

దాదాపు రెండున్నర శతాబ్దాల తరువాత ఒంగోలులో ఇదే ప్రశ్న మళ్లీ లేచింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చాడు. బ్రాహ్మణులు, ఇతర పైకులాలవారు అతని పట్ల కొంత సుముఖంగానే ఉన్నారు, పిల్లలను బడికి పంపారు. ఇంతలో తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారి, క్రైస్తవుడై తన వాళ్లను కూడగట్టాడు. పైకులాలవారు ఒక షరతు పెట్టారు. మాదిగలను చేర్చుకొంటే తాము రామన్నారు. ఆ రోజున క్లౌ, అతని భార్య విడివిడిగా బైబిలు తెరిచి చూస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనిపించిందని అతని జీవిత వృత్తాంతం చెబుతుంది. లోకం నీచులన్నవాళ్లనే దేవుడు ఎన్నుకొన్నాడన్నది ఆ భాగం సారాంశం. అది దైవికమో కాకతాళీయమో మనకు ముఖ్యం కాదు. వాళ్లు మాదిగలను చేర్చుకొన్నారు. పైకులాల పిల్లలు బడి విడిచిపోయారు. ఇక్కడ విశ్వాసానికి మూల్యం చెల్లించినవాడు విశ్వాసియే.

1876-78 నాటి కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. అన్నం కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని ఆ రోజులలో బాప్తిస్మం ఇవ్వటం ఆపివేశాడు. సహాయం ముగిసిన తరువాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అయితే ఈ కథలో నాయకత్వమంతా దొరకే కట్టబెట్టటం పొరపాటు. మిషన్ల వెనుక సామ్రాజ్యం నీడ ఉన్నదన్న సంగతీ మరవరాదు. అసలు భారం మోసింది పల్లెలలోని మాదిగలు. ఆదివారం పని చేయము, చచ్చిన గొడ్డు మాంసం తినము, జాతరలో డప్పు కొట్టము అన్నారు. మూడూ గ్రామపెద్దల అధికారం మీద దెబ్బలే. అందుకు ప్రతిఫలంగా కూలి పోయింది, దెబ్బలు పడ్డాయి, దొంగతనం కేసులు వచ్చాయి. నమ్మకం కోసం ఒకపూట తిండి వదులుకొనే స్థితి అంటే ఏమిటో జీతాలు తీసుకొంటూ సిద్ధాంతాలు చెప్పే మనబోటివాళ్లు కాస్త ఆలోచించాలి.

ఇక్కడొక ఆక్షేపణ రావచ్చు. డప్పు ఒక కళ గదా, దాన్ని విడవటం నష్టం కాదా? నిజమే, నష్టమే. కాని ఆనాడు వాళ్లు వద్దన్నది వాద్యాన్ని కాదు, వెట్టిని. 1994లో అదే ప్రకాశం జిల్లాలోని ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. దాన్ని జనం దండోరా అన్నారు. తాతలు విడిచిన డప్పును మనుమలు తమ హక్కుల కోసం మోగించారు. పైకి చూస్తే ఇది విశ్వాసం తలకిందులు కావటం. లోపలికి చూస్తే రెండు పనుల సారమూ ఒకటే. డప్పు ఎప్పుడు మోగాలో నిర్ణయించే అధికారం కొట్టేవాడిది కావాలన్నదే ఆ సారం. విశ్వాసం రూపం మార్చుకోవటమూ, విశ్వాసాన్ని వదులుకోవటమూ ఒకటి కాదని దీనివల్ల గ్రహించవచ్చు.

ఇక చర్చి లోపలి మాట. స్త్రీలు గురుపీఠం ఎక్కరాదన్నది చాలాకాలం గట్టి విశ్వాసంగా చలామణి అయింది. దానికి వచనాలూ చూపించారు. ఆ విశ్వాసం పురుషులకు కాణీ ఖర్చు లేనిది, ఖర్చంతా స్త్రీలది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం 1976లో స్త్రీలకు గురుత్వం ఇచ్చింది. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలిత బిషప్ అయింది. ఆ సంఘంలో తొలి మహిళా బిషప్ ఆమెయే. దీనివల్ల క్రైస్తవం కూలిపోలేదు. పురుషుల అలవాటు ఒకటి మాత్రం కూలింది. కాని ఆదివారం ఒకే రొట్టె పంచుకొన్నవాళ్లు సోమవారం పెళ్లి సంబంధం వెతికేటప్పుడు మాల, మాదిగ, రెడ్డి అని విడిపోతూ ఉంటే, అక్కడ కూలవలసినది ఇంకా ఉన్నదనే అర్థం.

ప్రభుత్వం కూడా ఈ లెక్కకు బయటిది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులను, ముస్లింలను వదిలివేశారు. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు క్రైస్తవుల కోరికను అంగీకరించలేదు. 2007లో రంగనాథ మిశ్రా కమిషను ఆ నిబంధనను తొలగించమని సూచించింది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఆ గుర్తింపు ఇమ్మని తీర్మానించింది. బాప్తిస్మం తీసుకొన్నంత మాత్రాన ఊరి చివరి ఇల్లు ఊరి నడుమకు రాదు గదా! అందుచేత ఎందరో కాగితం మీద ఒక మతం, గుండెలో ఒక మతంగా బ్రతకవలసి వచ్చింది. నిజంగా నమ్మినవాడైతే సర్టిఫికెట్టు వదులుకోరాదా అని ఎగతాళి చేసేవారున్నారు. ఆ మాట అనేవారిలో ఎక్కువమందికి తమ నమ్మకం వల్ల ఏ సర్టిఫికెట్టూ పోదు. ఇతరుల త్యాగాన్ని శాసించటం విశ్వాసం కాదు, ప్రేమ అంతకంటె కాదు.

ఈ చిక్కును అందరికంటె లోతుగా అనుభవించిన తెలుగు కవి జాషువా. క్రైస్తవ కుటుంబంలో పుట్టినా అంటరానితనం ఆయనను వదలలేదు. 1941లో వెలువడిన 'గబ్బిలం'లో ఆయన నాయకుడైన అరుంధతీయుడు తన గోడును కాశీ విశ్వనాథునికి పంపుతాడు. ఆయనే 'క్రీస్తు చరిత్ర' కూడా రాశాడు. దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. శివునితో మొర పెట్టుకొన్నవాడు క్రీస్తు కథ ఎట్లా రాశాడని మతం లెక్కలు చూసేవారికి సందేహం కలుగవచ్చు. ఆకలిగొన్న మనిషి వైపు నిలబడి చదివితే ఆ రెండు కావ్యాల నడుమ వైరుధ్యం కనిపించదు. జాషువా విశ్వాసం దేవుడి పేరు దగ్గర కాక, మనిషికి జరిగే అవమానం దగ్గర స్థిరంగా నిలిచింది.

కాబట్టి కాలంతోపాటు మారాలా, పాతదాన్ని పట్టుకోవాలా అన్న ప్రశ్న వేసిన తీరే సరికాదు. కాలం అన్నివేళలా ముందుకే నడవదు. ఈనాడు ద్వేషం కూడా కొత్త భావంగానే చలామణి అవుతున్నది, దానికి లొంగకపోవటమే విశ్వాసి చేయవలసిన పని. పాతదంతా పవిత్రమూ కాదు. నేను పట్టుకొన్న నమ్మకానికి నేను చెల్లిస్తున్నానా, లేక నా పొరుగువాడి చేత చెల్లిస్తున్నానా అని ఎవరికి వారు అడుగుకోవాలి. మొదటిదైతే అది ప్రేమతో కలిసే నడుస్తుంది. రెండవదైతే దాన్ని విశ్వాసమని పిలవటం మానుకోవాలి.

ఈ పరీక్ష క్రైస్తవులకే కాదు. కులం పోవాలని సభలలో తీర్మానాలు చేసి, ఇంటి పెళ్లిళ్లలో కులం చూసుకొనే అభ్యుదయవాదులు కూడా దీనికి సమాధానం చెప్పాలి. తాళ్లకొండపాడు మాదిగలకు మన సిద్ధాంతాలు తెలియవు. తమ నమ్మకానికి అయ్యే ఖర్చు మాత్రం వాళ్లకు తెలుసు. తెలిసే చెల్లించారు.