మనము చూడని కాలము



పక్షులను చూచి నేర్చుకొనవలెనని ప్రభువు తన శిష్యులకు బోధించిన సంగతి మీరెరుగుదురు. శీతకాలమున సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోవుదురేని, దారికి ఇరుప్రక్కల నున్న పులికాట్ సరస్సు నొద్ద కొంతసేపు నిలిచి చూడుడి. ఎర్రని కాళ్లుగల తెల్లని పక్షులు నీటిపై గుంపులుగా తిరుగుచుండును. ఇవి ఇంగ్లీషులో గల్ అనబడు సముద్రపు పక్షులు. వీటిలో ఒక జాతికి గోధుమరంగు తల గలదని పేరు. అయితే మనకు కనబడు తల తెల్లనిదే; కంటి వెనుక నల్లని మచ్చ మాత్రమే యుండును.

పేరు తప్పా? కాదు. ఈ పక్షి గూడు కట్టుకొనునది లడఖ్, టిబెట్ ప్రాంతముల సరస్సులయొద్ద. లడఖ్‌లోని త్సో మోరీరి సరస్సు సముద్రమట్టమునకు సుమారు 4,500 మీటర్ల యెత్తున నున్నది. అక్కడ వేసవిలో దీని తలయంతయు గోధుమరంగుగా నుండును. పిల్లలను పెంచిన తరువాత ఆ రంగు ఈకలు రాలిపోవును. మనము చూచునది దాని సంవత్సరములో ఒక భాగమే.

అదే నీటిలో సూదివంటి తోకగల బాతులను చూడుడి. మగబాతు పెండ్లికుమారునివలె అలంకరింపబడి యుండును. ఇదియు సగము సంగతియే. ఉత్తరదేశములలో వేసవియందు ఆ సొగసైన ఈకలు రాలి, అది ఆడబాతువలె వెలవెలబోవును. రెక్కల ఈకలును ఒక్కసారిగా రాలుటచేత, కొన్ని వారములు ఎగురలేక రెల్లుపొదలలో దాగియుండును.

కాబట్టి మిమ్మునడుగుచున్నాను: మన పొరుగువానిని మనము ఎన్ని నెలలు చూచితిమి? వరికోతలకు వచ్చినవాడు మన కన్నులకు కూలివాడే. తన ఊరిలో అతడు నలుగురికి న్యాయము చెప్పు పెద్ద కావచ్చును. ఆదివారము తెల్లబట్టలతో ముందువరుసలో కూర్చుండువాడు ఇంటిలో ఎట్లుండునో అతని భార్యకే తెలియును.

“అయితే ఎవరినిగూర్చియు ఏమియు చెప్పకూడదా?” అని మీరడుగవచ్చును. అట్లు కాదు. గల్ మరియొక పక్షి నోటి చేపను లాగుకొనుట చూచినయెడల, లాగుకొనెననియే చెప్పవలెను. కూలి యెగగొట్టినవానిని యెగగొట్టెననియే చెప్పవలెను. లేనియెడల నష్టపోయిన బీదవానికి మనమును అన్యాయము చేసినవారమగుదుము. చేసిన క్రియ తప్పని చెప్పుట మన విధి. కాని “ఆ మనిషి యింతే” అని ముద్రవేయుటకు మనకు హక్కు లేదు. ఆ మాట చెప్పువాడు అతని కాలమంతయు చూచినవాడై యుండవలెను. అట్లు చూచువాడు దేవుడొక్కడే.

మీ సంఘములో “వాడింతే” అని మీరు విడిచిపెట్టిన ఒకనిని ఈ వారము జ్ఞాపకము చేసికొనుడి. అతని యింటికి వెళ్లి కూర్చుండి, మీరు చూడని కాలమును గూర్చి అడుగుడి. అతడు చెప్పినంతసేపు వినుడి.