ప్రసాదము మిగిలిన విస్తరి



2021వ సంవత్సరము శ్రావణమాసమున దాసోహపు పంక్తిలో నా విస్తరియందు ప్రసాదము మిగిలిపోయినది. ప్రసాదమును వృథా చేయరాదని చిన్ననాటి నుండి నేర్చినదానను. నాలుగు ముద్దలకే కడుపు నిండినది. అది నా భక్తిలోపమని కుమిలితినే గాని, కడుపు చెప్పుచున్న మాటను వినలేదు. అప్పటికే రెండు మాసములుగా పొట్ట ఉబ్బరము, పొత్తికడుపున బరువు, మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట కలవు. గ్యాసనుకొని వాము నమలితిని. ముట్లుడిగిన వయసున ఆ మాట ఎత్తుట సిగ్గని కన్నకూతురితోనైనను చెప్పనైతిని.

కార్తికమునాటికి పొట్టలో నీరు చేరినది. స్కానింగు, రక్తపరీక్షలు, ఆపై శస్త్రచికిత్స జరిగినవి. అండాశయపు క్యాన్సరు, మూడవ దశయని వైద్యులు తేల్చిరి.

శస్త్రచికిత్స నాడు ఒంటిమీది వస్తువులన్నియు తీయవలెననిరి. ఇష్టలింగము దేహమును వీడరాదు కదా యని కంట నీరు పెట్టుకొంటిని. మా వారు దానిని తమ అరచేత గ్రహించి, "నీ యందున్న ప్రాణలింగమును ఎవరును తీయజాలరు, వెళ్లుము" అనిరి.

తరువాత మూడు వారములకొకమారు చొప్పున ఆరు మార్లు కీమోథెరపీ ఇచ్చిరి. జుట్టు రాలినది. అంతకన్న మిక్కిలిగ బాధించినది వేరొకటి. మందుల వలన వ్రేళ్లు మొద్దుబారినవి. పూజవేళ ఎడమ అరచేత లింగమున్నను దాని స్పర్శ తెలియదయ్యెను. కన్ను చూచుచున్నది, చేయి ఎరుగదు. జారునేమోనను భయముతో ఒడిలో వస్త్రము పరచుకొని పూజించితిని. నేటికిని ఆ స్పర్శ పూర్తిగ రాలేదు. పరీక్షకు పోయినపుడెల్ల ఫలితము తెలియువరకు నిద్ర పట్టదు. ఈ వ్యాధి తిరిగి రాగలదని వైద్యులు దాచక చెప్పిరి. కావున గెలిచితినని చాటుటకు నేను ఈ మాటలు వ్రాయుట లేదు.

మన శరణులు పంచసూతకములను త్రోసిపుచ్చిరి. అందు రజస్సూతకమొకటి. లింగధారిణి దేహమునకు మైల లేదనిరి. బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగ ఎంచెను. మనము మైలను విడిచితిమి గాని సిగ్గును విడువలేదు. దేవాలయపు గోడ బీటవారినచో పదిమందికి చెప్పి బాగుచేయింతుము. ఈ దేహాలయపు బీటను మాత్రము కొంగుచాటున దాచుచున్నాము. ఇది వినయమా?

నా తప్పు అచ్చటితో తీరలేదు. జన్యుపరీక్షలో నాయందు బి.ఆర్.సి.ఏ.1 అను జీనులో మార్పు కనబడినది. 1994లో గుర్తింపబడిన ఈ జీనులోని మార్పు తల్లినుండి గాని తండ్రినుండి గాని రావచ్చును. అది ఉన్నవారి ప్రతి బిడ్డకును, కొడుకైనను కూతురైనను, సగము పాలు సంక్రమించు అవకాశము కలదు. మా మేనత్త "కడుపులో నీళ్లు" వచ్చి పోయినదని మాత్రమే మా ఇంట చెప్పుకొనెడివారు. మా అమ్మాయికి సంబంధములు చూచు సమయమది. "బయటపెట్టకుము, సంబంధము తప్పును" అనిరి బంధువులు. నెల దినములు నేనును నోరు మూసుకొంటిని. మేనత్తనాటి మౌనమే నా ఇంట మరల కాపురము పెట్టినదని తెలిసి, అమ్మాయిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని సర్వము చెప్పితిని. కుదరబోయిన సంబంధమొకటి తప్పినది. అమ్మాయి పరీక్ష చేయించుకొన్నది. దాని ఫలితము ఆమెది, నేను వ్రాయను.

సోదరీమణులారా! ఉబ్బరము, త్వరగా కడుపు నిండుట, పొత్తికడుపు నొప్పి, తరచు మూత్రము, ఇవి క్రొత్తగా వచ్చి రెండు మూడు వారములైనను విడువకున్నచో వైద్యురాలికి చూపుడు. వీనికి ఇతర కారణములే ఎక్కువ, ఐనను తేల్చుకొనవలెను. గర్భాశయ ముఖమునకు చేయు పాప్ స్మియర్ పరీక్ష ఈ వ్యాధిని పట్టుటకు ఉద్దేశించినది కాదు. ఏ లక్షణమును లేనివారిలో దీనిని ముందుగ కనిపెట్టు నమ్మకమైన పరీక్ష నేటికిని లేదు. కనుకనే నోరు విప్పవలెను. రక్తసంబంధీకులలో ఈ వ్యాధి గాని రొమ్ము క్యాన్సరు గాని యున్నచో, అదియు వైద్యులకు చెప్పవలెను.

పన్నెండవ శతాబ్దమున కల్యాణపు అనుభవ మంటపమునందు స్త్రీలును తమ అనుభవమును పలికిరి. ఇది నా అనుభవము. ఇకమీదట దాసోహమున ఏ సోదరి విస్తరిలోనైన ప్రసాదము మిగిలినచో తప్పు పట్టకుడు. ప్రక్కన కూర్చుండి, "ఎన్నాళ్ల నుండి ఇట్లున్నదమ్మా?" అని అడుగుడు. నన్ను ఆనాడు ఎవరును అడుగలేదు, అడిగియున్నచో చెప్పియుందునేమో.

శరణు.