నొక్కిన వేలు - నొక్కించిన చేయి



బిడ్డ టీచరయ్యాడనో, నర్సయ్యిందనో, రైల్వేలో ఉద్యోగం వచ్చిందనో మన విచారణలలో కృతజ్ఞతా పూజ పెట్టించుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు ఆ వరుసలోకి ఒక కొత్త పేరు వచ్చి చేరింది. "మా అమ్మాయి హైదరాబాదులో యు.ఎక్స్. డిజైనరు" అని చెప్పుకొనే తల్లిదండ్రులు కొందరున్నారు. అదేం పని అని పక్కింటివారు అడిగితే మాత్రం "కంప్యూటరు పనేలెండి" అని ఊరుకుంటారు. ఆ పనేమిటో, అందులో మనస్సాక్షికి ఎదురయ్యే ప్రశ్న ఏమిటో ఈ వారం కలిసి ఆలోచిద్దాం.

యూజర్ ఎక్స్‌పీరియన్స్ అంటే వాడేవారి అనుభవం. మీరు ఫోనులో కరెంటు బిల్లు కడతారు, రైలు టిక్కెట్టు తీసుకొంటారు. తెరమీద ఏ మాట ముందు రావాలి, ఏ మీట ఎక్కడ ఉండాలి, తప్పు నొక్కితే వెనక్కి ఎలా రావాలి అన్నవి ఎవరో ముందుగా కూర్చుని నిర్ణయించినవే. ఆ నిర్ణయించేవారే ఈ డిజైనర్లు. వారు వాడేవారి దగ్గరకు వెళ్లి, గమనించి, ప్రశ్నలడుగుతారు. నమూనా గీస్తారు. దాన్ని కొద్దిమంది చేత వాడించి, ఎక్కడ తడబడ్డారో చూసి దిద్దుతారు. ఇంజినీరింగు చదివినవారే కాదు, బొమ్మలు గీసేవారు, భాషా సాహిత్యాలు చదివినవారు, మనస్తత్వశాస్త్రం చదివినవారు కూడా ఈ వృత్తిలోకి వస్తున్నారు. అహ్మదాబాదులో 1961లో ఏర్పడిన జాతీయ డిజైన్ సంస్థ మన దేశంలో ఈ విద్యకు బాట వేసింది. అటువంటిది ఒకటి ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉంది.

ఈ వృత్తికి పేరు తెచ్చినవారిలో ముఖ్యుడు డొనాల్డ్ నార్మన్ అనే అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త. 1988లో ఆయన రాసిన పుస్తకంలో తలుపుల గురించి, కుళాయిల గురించి చర్చించాడు. లాగవలసిన తలుపును పదిమందీ నెడుతున్నారంటే, లోపం ఆ మనుషులది కాదు, తలుపు చేసినవాడిది అని ఆయన బోధన సారాంశం. ఈ వృత్తి మొత్తానికి పునాది ఇదే. దీన్ని గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

ఈ పనిని మంచి మనసుతో చేస్తే అది కరుణాకార్యమే. గ్రుడ్డివాని దారిలో అడ్డు పెట్టరాదని లేవీయకాండము 19వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. చూపు మందగించినవారు చదువుకోగలగాలంటే మామూలు అక్షరానికీ దాని వెనుక రంగుకీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. ఆ లెక్క పాటించిన డిజైనరు ఎన్నడూ చూడని ఒక వృద్ధురాలి దారిలోంచి రాయి తీసి పక్కన పెట్టినట్లే. పింఛను సొమ్ము పడిందో లేదో ఆమె ఎవరినీ బతిమాలకుండా తానే చూసుకోగలుగుతుంది.

అయితే రాయి తీయడం తెలిసినవాడికి రాయి పెట్టడమూ తెలుసు. ఇక్కడే మన ప్రశ్న మొదలవుతుంది.

చందా కట్టడానికి ఒక్క మీట, మానడానికి ఆరు తెరలు. బుట్టలో మీరు వేయని వస్తువు బిల్లులోకి వచ్చి చేరడం. "వద్దు" అన్న మాట కనీకనిపించని బూడిదరంగులో ఉండడం. ఇటువంటి మాయలకు ఇంగ్లండుకు చెందిన హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనరు 2010లో డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు. చీకటి పోకడలు అనుకొందాం. మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటివి 13 రకాలను గుర్తించి నిషేధించింది. అమెరికాలో అమెజాన్ కంపెనీ తన ప్రైమ్ చందాలో జనాన్ని మోసపుచ్చి చేర్చుకొంటున్నదనీ, మానుకోనివ్వడం లేదనీ అక్కడి ప్రభుత్వ సంస్థ 2023లో దావా వేసింది. చందా రద్దు చేసుకొనే మార్గానికి కంపెనీ లోపల ఇలియడ్ అని పేరు పెట్టుకొన్నారని ఆ దావా చెప్పింది. ఇలియడ్ అంటే అంతూపొంతూ లేని గ్రీకు యుద్ధకావ్యం! కంపెనీ తప్పు ఒప్పుకోలేదు గాని, 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది.

ఇది డబ్బున్నవారి గొడవ అనుకోకండి. 2020 చివరలో మన తెలంగాణలో అప్పుల యాప్‌ల వేధింపులు తాళలేక కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. అప్పు అడిగినవారు తెరమీద "అనుమతించు" అన్న మీట నొక్కారు. దానితో వారి ఫోనులోని బంధుమిత్రుల నంబర్లన్నీ అప్పులవాళ్ల చేతికి వెళ్లాయి. బాకీ ఆలస్యమైతే ఆ నంబర్లకు ఫోన్లు చేసి పరువు తీశారు. అప్పులిచ్చే యాప్‌లు అలా నంబర్లు తీసుకోకూడదని 2022లో రిజర్వు బ్యాంకు ఆంక్ష పెట్టింది. ఆ అనుమతి తెరను కూడా ఎవరో ఒకరు గీశారు. గీసినందుకు జీతం తీసుకొని ఇంటికి వెళ్లారు.

అటువంటి పని చేతికి వచ్చిన మన బిడ్డ ఏమనుకోవాలి? సాధారణంగా మూడు సమాధానాలు వినిపిస్తాయి.

మొదటిది: "మీట నొక్కింది వాడే, నేను బలవంతం చేయలేదు." ఇది ఈ వృత్తివారి నోట రాకూడని మాట. తలుపు తెరవలేకపోతే లోపం తలుపు చేసినవాడిది అని నమ్మి మొదలైన వృత్తి ఇది. తికమక అనుకోకుండా పుట్టినప్పుడు చేసినవాడిది బాధ్యత అయితే, కావాలని పుట్టించినప్పుడు బాధ్యత తగ్గుతుందా, పెరుగుతుందా?

రెండవది: "అంకెలు చూడండి, జనానికి ఇదే నచ్చింది." కంపెనీలలో ఒకే తెరను రెండు విధాలుగా తయారుచేసి, సగంమందికి ఒకటి, సగంమందికి మరొకటి చూపిస్తారు. ఎక్కువమంది నొక్కినది గెలుస్తుంది. కాని ఎంతమంది నొక్కారో అంకె చెబుతుంది గాని, ఎందుకు నొక్కారో చెప్పదు. ఇష్టపడి నొక్కినవాడూ, విసిగి నొక్కినవాడూ, అర్థంకాక నొక్కినవాడూ ఆ లెక్కలో ఒక్కటే. పరుల అజ్ఞానాన్నో, అవసరాన్నో ఆసరా చేసుకొని ధర పెంచి సొమ్ము గుంజడం, చట్టం ఒప్పుకొన్నా సరే, ఏడవ ఆజ్ఞకు విరుద్ధమని 1992 నాటి కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం బోధిస్తుంది.

మూడవది బరువైనది: "పైవారు చెప్పారు, చేయకపోతే ఉద్యోగం పోతుంది." ఇంటి అప్పు వాయిదాలు, చెల్లెలి చదువు, నాన్న మందులు ఆ జీతం మీదే ఉంటాయి. దీన్ని తేలికగా కొట్టిపారేయడం న్యాయం కాదు. శ్రీసభ కూడా కొట్టిపారేయలేదు, శతాబ్దాల క్రితమే ఆలోచించింది. యజమాని దుర్బుద్ధితో ఒక ఇంటి కిటికీ ఎక్కబోతాడు. సేవకుడు అది తెలిసే భుజం అందిస్తాడు, నిచ్చెన మోస్తాడు. చేయకపోతే కొలువు పోతుందన్న భయంతో చేశాడు గనుక అది చావైన పాపం కాదని ఆనాడు కొందరు వాదించారు. 1679లో 11వ ఇన్నోసెంట్ పోపు గారు ఆ వాదనను ఖండించారు. భయం మన తప్పును తగ్గించవచ్చు గాని, నిచ్చెనను నిచ్చెన కాకుండా చేయలేదు.

అలాగని ఆ ఇంట పనిచేసే ప్రతివారూ దోషులు కారు. వంటవాడు వేరు, నిచ్చెన మోసేవాడు వేరు. చెడుకు ఎంత దగ్గరగా సహకరిస్తున్నాం, దానికి మన మనసు అంగీకారం ఉందా లేదా అని నైతిక వేదాంతులు తూచి చూస్తారు. అదే కంపెనీలో టిక్కెట్ల తెర గీసే అమ్మాయి, మోసపు మీట గీసే అబ్బాయి ఒకే తక్కెడలో తూగరు.

మరి ఆకర్షణకూ మోసానికీ హద్దు ఎక్కడ? మంచి మామిడిపండ్లు ముందు వరుసలో పేర్చిన వ్యాపారిది పాపం కాదు. కుళ్లినవి అడుగున దాచినవాడిది పాపం. గీసే ప్రతి తెరకూ ఈ పరీక్ష పెట్టుకోవచ్చు: "ఇది ఎలా పనిచేస్తుందో కొనేవాడికి ఎదురుగా కూర్చుని వివరిస్తే, అప్పుడు కూడా నొక్కుతాడా?" అవునంటే అది ఆహ్వానం. అతనికి అర్థం కానంతవరకే పనిచేసే మీట అయితే అది వల.

యువతీ యువకులారా, ఈ వృత్తిని ఎంచుకోండి, భయపడకండి. కాని మొదటినుంచీ నిజాయితీని అలవాటు చేసుకోండి. ఉద్యోగం కోసం చూపే పనుల సంపుటిలో పదిమంది కలిసి చేసినదాన్ని నేనొక్కడినే చేశానని రాసుకోవద్దు. ఎనిమిదవ ఆజ్ఞ అక్కడే మొదలవుతుంది. తప్పు పని చెప్పినప్పుడు ముందు మర్యాదగా, రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. ఖాళీ చేతులతో వెళ్లకుండా, న్యాయమైన మరో నమూనా గీసి పట్టుకువెళ్లండి. చట్టం, జరిమానా గుర్తుచేయండి. చాలాసార్లు అంతటితో ఆగుతుంది. ఆగకపోతే ఆ పనిని మీ చేత్తో చేయకండి, వేరే ఉద్యోగం వెతుక్కోండి. పని మనిషి కోసమే గాని మనిషి పని కోసం కాదని పునీత 2వ జాన్ పాల్ పోపు గారు 1981 నాటి విశ్వలేఖలో బోధించారు. మనం చేసే పని మనల్నీ తయారుచేస్తుంది. రోజూ వల అల్లేవాడి కంటికి మనుషులు చేపల్లాగే కనబడడం మొదలవుతుంది.

తల్లిదండ్రులారా, మీకూ ఒక మాట. పండుగకు ఇంటికి వచ్చిన బిడ్డను జీతం ఎంత అని అడుగుతాం. నీ పని వల్ల ఎవరికి మేలు జరుగుతోందని కూడా అడుగుదాం. మనస్సాక్షి కోసం ఉద్యోగం వదిలి వచ్చిన బిడ్డను "లోకం తెలియని వాడు" అని ఎగతాళి చేయకండి. ఆ ఆరు నెలలు ఇల్లు ఎలా గడపాలో కలిసి ఆలోచించండి. ధైర్యం చెప్పే కుటుంబం వెనుక లేకపోతే, మంచి ఉపదేశాలన్నీ ఆ బిడ్డ మీద మోపిన బరువులే అవుతాయి. మీరే మోసపోయినట్లయితే సిగ్గుపడి ఊరుకోకండి, 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయండి. అలా చేస్తే ఇంకొకరి దారిలోంచి రాయి తీసినవారవుతారు.

నజరేతులో జోజప్ప గారు చేసిన తలుపులు ఎలా ఉండేవో మనకు తెలియదు. కాని ఆయన నీతిమంతుడని సువార్త చెబుతోంది. నీతిమంతుడైన వడ్రంగి చేసిన తలుపు, ఇంట్లోవారికీ ఇంటికి వచ్చినవారికీ తేలికగా తెరుచుకొని ఉంటుందని నమ్మవచ్చు. తెరలు గీసే మన బిడ్డలకు ఆ పునీతుని చేతినైపుణ్యం, ఆయన మనసు రెండూ దొరకాలని ఈ వారం కుటుంబ ప్రార్థనలో వేడుకొందాం.