దివ్యసత్ప్రసాదము – ఓటరు అంతఃకరణము

మతగురువు అధికారము ఎచ్చట ముగియును, పౌరుని అంతఃకరణము ఎచ్చట ఆరంభమగును అన్న ప్రశ్న అతి ప్రాచీనమైనది. క్రీ.శ. 390లో థెస్సలోనికా నగరమున ప్రజలను ఊచకోత కోయించిన రోమను చక్రవర్తి థియోడోసియసును, మిలాను పీఠాధిపతి అంబ్రోసు పశ్చాత్తాపము పొందువరకు ప్రసాదమునకు దూరముగ ఉంచెను. చక్రవర్తి తలవంచెను. ఆ కాలమున ఆజ్ఞ ఇచ్చువాడొక్కడే. కావున దోషమెవరిదన్న సంశయము లేకుండెను. ప్రజాస్వామ్యమున ఓటువేయు ప్రతివాడును ప్రభుత్వమున పాలు గలవాడే. అట్లైన ప్రభుత్వము చేయు అధర్మములో అతని పాలెంత? దానిని తూచవలసినదెవరు?

అమెరికాలోని కథోలిక సమాజము ఈ ప్రశ్నతో చిరకాలముగ పెనుగులాడుచున్నది. కథోలికులకు దివ్యసత్ప్రసాదము కేవలము ఒక ఆచారము కాదు. అందు క్రీస్తు స్వయముగ వేంచేసి ఉన్నాడని వారి విశ్వాసము. దానిని నిరాకరించుట భక్తునికి మహాదండనము. గర్భస్రావము నిర్దోషియైన ప్రాణిని వధించుటయేయని వారి సభ బోధించును. ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము 1973లో దానిని రాజ్యాంగపు హక్కుగ గుర్తించి, 2022లో ఆ తీర్పును తానే రద్దుచేసి, నిర్ణయమును ప్రజలకును, వారి ప్రతినిధులకును విడిచినది.

2004లో అధ్యక్షపదవికి పోటీచేసిన కథోలికుడు జాన్ కెర్రీ ఆ హక్కును సమర్థించెను. ఆయనకు ప్రసాదము ఇయ్యనని సెయింట్ లూయిస్ అగ్రపీఠాధిపతి రేమండ్ బర్క్ ప్రకటించెను. ఆ దేశపు పీఠాధిపతులు సమావేశమై, నిర్ణయమును ఏ పీఠమున కా పీఠాధిపతికే విడిచిరి. 2022 మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో అగ్రపీఠాధిపతి కోర్డిలియోనె ప్రతినిధిసభాధ్యక్షురాలు నాన్సీ పెలోసీకి ప్రసాదము నిషేధించెను. మరుసటి నెలలో రోము నగరమున పోపు ఫ్రాన్సిస్ పాల్గొన్న దివ్యబలిపూజలోనే ఆమె ప్రసాదము స్వీకరించెను. ఒకే సభలో ఒకచోట మూసిన ద్వారము వేరొకచోట తెరచియుండెను.

నాయకుల సంగతి అట్లుండ, సామాన్య ఓటరు మాటయేమి? 2008 ఎన్నికల పిదప దక్షిణ కరోలినాలోని గ్రీన్‌విల్ పట్టణమున ఒక విచారణ గురువు, గర్భస్రావహక్కును సమర్థించు అభ్యర్థికి ఓటువేసినవారు పాపసంకీర్తనము చేయక ప్రసాదము స్వీకరింపరాదని వ్రాసెను. ఆ మాట సభ బోధను సరిగా తెలుపుట లేదని ఆ మేత్రాసనపు పాలకుడు ప్రకటించెను.

తరువాత 16వ బెనెడిక్ట్ పోపు అయిన కార్డినల్ రాట్సింగర్ 2004లోనే ఇందొక సూక్ష్మమును చూపెను. గర్భస్రావమును సమర్థించుచున్నాడన్న కారణముననే ఒకనికి ఓటువేయువాడు ఆ పాపమున భాగస్వామి. ఆ అభిప్రాయమును ఒప్పుకొనక, ఇతర కారణములచే ఓటువేయువాని సంబంధము దూరపుది. తగినంత బలమైన కారణములున్నచో అది అనుమతింపదగినది.

ఈ భేదము బుద్ధిచాతుర్యము కాదు. ఓటు ఒకటే, అది మోయు విషయములు అనేకము. గర్భస్థశిశువు ప్రాణము, యుద్ధము, మరణదండన, బీదల కూడు, శరణార్థుల రక్షణ అన్నియు ఒకే పేరు వెనుక నిలుచును. వీనిలో ప్రాణహరణమునకు అన్నిటికంటె ఎక్కువ బరువున్నదని గురువులు వాదించుట న్యాయమే. కాని ఏ కారణము ఓటరు చేతిని నడిపినదో అతని మనస్సునకే తెలియును.

1983లో వెలువడిన సభాధర్మశాస్త్రమే ఇందు దారి చూపుచున్నది. బహిరంగమైన ఘోరపాపమున మొండిగ నిలిచినవానికి ప్రసాదము ఈయరాదని 915వ సూత్రము గురువులను శాసించును. ఘోరపాపము చేసితినని ఎరిగినవాడు పాపసంకీర్తనము చేయక స్వీకరింపరాదని 916వ సూత్రము భక్తుని శాసించును. కనబడునది గురువు విచారణకు, కనబడనిది భక్తుని ఆత్మవిచారణకు. ఓటు రహస్యము, దాని వెనుకటి సంకల్పము మరింత రహస్యము. కావున అది రెండవ సూత్రమునకే చెందును.

ఇంతమాత్రమున గురువులు మౌనము వహింపవలెనని కాదు. 1962లో న్యూఆర్లియన్స్ అగ్రపీఠాధిపతి రమ్మెల్, కథోలిక పాఠశాలలలో నల్లజాతి బాలబాలికలను చేర్చుకొనుటను బాహాటముగ ఎదిరించిన ముగ్గురిని, ముందుగ హెచ్చరించి, సభనుండి వెలివేసెను. వారి కృత్యము బహిరంగము. హెచ్చరిక విని కూడ వారు మారలేదు. నాటి చర్యను మెచ్చుకొని నేటి చర్యను నిందించువారును, నేటిదానిని మెచ్చి నాటిదానిని మరచువారును తమ కారణమును చెప్పవలెను. తమ పక్షమునకు అనుకూలమైనపుడే గురువు అధికారమును ఒప్పుకొనువాడు ధర్మమును గాక పక్షమునే కొలుచుచున్నాడు.

గురువు బోధింపవచ్చును, హెచ్చరింపవచ్చును, బహిరంగదోషమును ఖండింపవచ్చును. ఓటరు హృదయమును తెరచి చదువు శక్తి మాత్రము అతనికి లేదు. అట్లని ఓటరు భారము తేలికపడలేదు; ఇంకను పెరిగినది. ప్రశ్నించు గురువు ఎదుట లేనపుడు తన్ను తానే ప్రశ్నించుకొనవలెను. “తగిన కారణముచే వేసితినా, లేక అలవాటుచేతనో, ద్వేషముచేతనో, స్వలాభముచేతనో వేసి కారణమును తరువాత వెదకుకొంటినా?” ఈ ప్రశ్నకు నిజాయితీగ బదులు చెప్పుకొన్నవాడే ప్రసాదమునకు చేయి చాచుటకు అర్హుడు.